మా గరువు నేలలోకి ఏటా ఎంత నీరు ఇంకుతుంది? రిపోర్టులో 16 శాతం అని రాశారు, నమ్మొచ్చా?

గరువు_రైతు
మాది చీపురుపల్లి నుంచి లోపలికి వెళ్లే దారిలో ఒక పల్లె. చెరువు కింద కొంచెం పల్లం, మిగతాదంతా గరువు, అంటే మెట్ట. ఒకప్పుడు గోగు, చోడి, నువ్వులు వేసేవాళ్లం. ఇప్పుడు రబీలో బోర్ల కింద మొక్కజొన్నే. ఊరి పక్కన మంచినీళ్ల ప్యాకింగ్ ప్లాంటు పెడతామని ఒక సంస్థ వచ్చింది. రోజుకు రెండు లక్షల లీటర్లు తోడతారట. గ్రామసభలో పెట్టడానికి రిపోర్టు తెచ్చారు. నలభై పేజీల్లో నీళ్ల లెక్క ఉన్నది ఒక్క పేజీ.

అందులో ఉన్నది ఇదీ: ఏడాది వాన 1100 మి.మీ., విస్తీర్ణం 400 హెక్టార్లు, అందులో 16 శాతం భూమిలోకి ఇంకుతుంది. అంటే ఏటా 7 లక్షల ఘనపు మీటర్లు. ఊళ్లో 60 బోర్లు కలిపి తోడేది 3 లక్షలు. మిగులు 4 లక్షలు, ప్లాంటుకు ఏడాదిలో 300 రోజుల లెక్కన కావాల్సింది 60 వేలే కాబట్టి ఇబ్బంది లేదు.

మా నూతుల్లో ఏప్రిల్ వచ్చేసరికి అడుగు కనిపిస్తుంది. ఇంత మిగులుంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఈ 16 ఎక్కడిది? దసరా వెళ్లాక గ్రామసభ. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి, మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

నాగావళి_తమ్ముడు
4 లక్షలు మిగిలితే ఏప్రిల్‌లో నూతులు ఎందుకు ఎండుతున్నాయో వాళ్లనే అడగాలి అన్నా. నేను కూడా ఫాలో అవుతున్నాను. మా వైపూ ఇలాంటి రిపోర్టే ఒకటి తిరుగుతోంది.

రాతి_పొర
16 ఎక్కడిదో చెప్తాను. భూగర్భ జలాల అంచనాకు కేంద్రం వేసిన కమిటీ పద్ధతి ఒకటి ఉంది, జీఈసీ అంటారు. 1984లో ఒకటి వచ్చింది, 1997లో దాన్ని మార్చారు, 2015లో మళ్లీ సవరించారు. దేశమంతా ఆ పద్ధతిలోనే లెక్క కడతారు. అందులో ఒక పట్టిక ఉంటుంది, ఏ నేలలో వాన ఎంత శాతం ఇంకుతుందో. తూర్పు తీరపు ఒండ్రు నేలలకు 16 శాతం అని ఆ పట్టికలోనే ఉంది. మీ రిపోర్టు రాసినవాళ్లు ఆ వరుస ఎత్తి పెట్టారు.

కానీ చీపురుపల్లి గరువుల్లో ఒండ్రు ఎక్కడుంది? మీ కింద ఉన్నది తూర్పు కనుమల రాయి. ఖొండలైటు, చార్నకైటు, నైసు. ఆ పట్టికలోనే ఇంకొంచెం కిందికి దిగితే గట్టిరాతి ప్రాంతాల అంకెలు ఉంటాయి. బంకమట్టి తక్కువగా ఉన్న శిథిల గ్రానైటు, నైసులకు 11. బంకమట్టి బాగా ఉంటే 8. చార్నకైటు లాంటి రాళ్లకు 5. పగుళ్లు సరిగ్గా లేని గట్టి బండకు 1.

నాగావళి_తమ్ముడు
అంటే కోస్తా జిల్లా అనగానే తీరం అంకె వేసేశారన్నమాట! ఆ లెక్కన అరకు కొండల మీద కూడా 16 శాతమే ఇంకాలి, అదీ విశాఖ జిల్లాలోనే ఉండేది కదా.

లెక్కల_మాస్టారు
రాతి_పొర గారు చెప్పిన శాతాలతో లెక్క వేశాను. 400 హెక్టార్లంటే 40 లక్షల చదరపు మీటర్లు.

16 శాతమైతే 176 మి.మీ., అంటే 7.04 లక్షల ఘనపు మీటర్లు. 8 శాతమైతే 88 మి.మీ., 3.52 లక్షలు. 5 శాతమైతే 55 మి.మీ., 2.2 లక్షలు.

ఇంకిందంతా తోడుకోవడానికి వీల్లేదు. గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, ఊటగా పోయేదాని కోసం పది శాతం పక్కన పెట్టాలి. అది తీసేశాక, వాళ్లు రాసిన 3 లక్షల వాడకాన్నే తీసుకుంటే, మొదటి లెక్కలో మనం తోడేది 47 శాతం. రెండో లెక్కలో 95 శాతం. మూడో దాంట్లో 150 దాటుతుంది. ఆ కమిటీ పద్ధతిలోనే 70 శాతం దాకా సేఫ్, 90 దాకా సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, ఆ పైన ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్.

అదే ఊరు, అదే వాన, అవే మోటార్లు. పట్టికలో వరుస మారేసరికి సేఫ్ కాస్తా క్రిటికల్ అయింది. గ్రామసభలో ఈ ఒక్క విషయం బోర్డు మీద వేసి చూపించినా చాలు.

లావేరు_బోరు
నాకు బోరు బండి ఉంది, రణస్థలం నుంచి మెరకముడిదాం దాకా తిరుగుతాం. ఆ వైపు డ్రిల్లు దిగితే వచ్చేది చెప్తాను. ముందు ఎర్రమట్టి. తర్వాత తెల్లసుద్ద, కొన్ని చోట్ల పసుపు రంగు, చేత్తో నలిపితే పిండిలా ఉండి వేళ్లకు అంటుకుంటుంది. అది చాలా లోతు దాకా వస్తుంది, అందుకే కేసింగ్ పైపు ఎక్కువ పడుతుంది. రైతులు ఆ ఖర్చు దగ్గరే గొడవ పడతారు. దాని కింద చట్టు, అంటే సగం పాడైన రాయి, అక్కడే కాస్త నీరు. ఆ కింద బండ. బండలో పగులు తగిలితే అదృష్టం.

ఆ సుద్దలో నీరు ఉన్నా కిందికి వదలదు. కాబట్టి 11 కూడా వేయకండి, 8 చాలు అంటాను.

ఉద్దానం_కొబ్బరి
ఏటి బావా, అయితే 16 అబద్ధం అంటారా? మా కవిటి, సోంపేట వైపు ఇసుక నేల. పొద్దున ఎంత వాన పడినా సాయంత్రానికి ఆనవాలు ఉండదు, మొత్తం పీల్చేస్తుంది. కొబ్బరి తోటలో గొయ్యి తీస్తే తడి ఎంత లోతుకు దిగిందో కంటికి కనిపిస్తుంది. మాకు 16 కంటే ఎక్కువే ఉంటుందని నా నమ్మకం.

రాతి_పొర
ఉద్దానం తీరం ఇసుకకు 16 నప్పుతుంది బావగారూ, ఎవరూ కాదనరు. ఒక జిల్లాలో నప్పే అంకెను పక్క జిల్లా గరువుకు ఎత్తుకెళ్లడమే తప్పు.

లావేరు_బోరు చెప్పిన తెల్లసుద్ద ఖొండలైటు పాడైతే వచ్చేదే. ఆ రాయిలో ఎర్రటి గార్నెట్ గింజలు, సిల్లిమనైటు సూదులు ఉంటాయి, ఇళ్ల పునాదులకు వాడే రాయిని దగ్గర నుంచి చూడండి, కనిపిస్తాయి. అది శిథిలమైతే బంకమట్టి ఎక్కువ. చార్నకైటు అంత తేలిగ్గా శిథిలం కాదు, దాని మీద మట్టి పొర పలచగా ఉంటుంది.

గరువు_రైతు, మీ నూతుల గోడలు కట్టుబడి లేకుండా ఉంటే ఫొటోలు పెట్టండి. ఇంకో మాట, ఆ 400 హెక్టార్లలో కొండ ఉందా?

గరువు_రైతు
ఉంది. ఊరికి పడమటన కొండ, పావు వంతు ఉంటుంది. పైన జీడిమామిడి, కింద తుప్ప. రెవెన్యూ లెక్కలో మా ఊరిదే. పాత నూతిలో రెండు నిలువుల కింద గోడంతా తెల్లగానే ఉంది, లావేరు అన్న చెప్పినట్టే.

రాతి_పొర
అయితే అక్కడా తేడా కొట్టింది. 20 శాతం కంటే ఎక్కువ వాలు ఉన్న కొండ భాగాన్ని విస్తీర్ణంలోంచి తీసేయాలని జీఈసీయే చెప్తుంది. వాన అక్కడ నిలవదు, జారిపోతుంది. కాబట్టి 300 హెక్టార్లే పెట్టుకోండి.

మాస్టారూ, మీ లెక్కకు ఇంకోటి కలపాలి. బోరు నీళ్లతో తడిపిన చేను నుంచి కొంత మళ్లీ కిందికి దిగుతుంది. మొక్కజొన్న లాంటి ఆరుతడికి, నీటిమట్టం 10 నుంచి 25 మీటర్ల మధ్య ఉంటే, 15 శాతం తిరిగి వస్తుందని లెక్క.

లెక్కల_మాస్టారు
కలిపాను. 300 హెక్టార్లు, 8 శాతం: 2.64 లక్షలు. తిరిగి వచ్చేది 3 లక్షల మీద 15 శాతం, 45 వేలు. మొత్తం 3.09 లక్షలు. పది శాతం తీస్తే 2.78 లక్షలు. వాడకం 3 లక్షలు. అంటే 108 శాతం. ప్లాంటు 60 వేలు కూడా తోడితే 130 దగ్గరకు పోతుంది.

నాగావళి_తమ్ముడు
పొద్దున మిగులు 4 లక్షలు ఉన్న ఊరు, మాస్టారు సాయంత్రం టీ తాగేలోపు అప్పుల్లోకి వెళ్లిపోయింది.

అనంత_మెట్ట
నాది అనంతపురం, మీ చర్చలోకి వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. రాతి_పొర అన్నా, కొండను తీసేయడం రూలు ప్రకారం సరే. కానీ కొండ మీద పడి జారిన నీళ్లు కొండ పాదం దగ్గరే గరప నేలలో ఇంకుతాయి. మా వైపు ఊరంతా ఎండినా కొండ కింది బావుల్లో నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఎవరి ఖాతాలో? వంద హెక్టార్ల వానను సున్నా అనేస్తే మీరూ వాళ్లలాగే ఒక పక్కకు ఒరిగినట్టే.

రాతి_పొర
న్యాయమైన మాట తమ్ముడూ. శాతం పద్ధతికి ఉన్న లోటే అది. దానికి కొండ తెలియదు, చెరువు తెలియదు, వాన ముసురుగా పడిందో ఒక్క గంటలో కుమ్మరించిందో తెలియదు. అందుకే ఆ పద్ధతిని రెండో దారిగానే పెట్టుకున్నారు. మొదటి దారి నూతిలో మట్టం కొలవడం. కొండ నుంచి వచ్చినా చెరువు నుంచి వచ్చినా నూతిలో పెరిగిన మట్టంలో అదంతా కలిసే ఉంటుంది.

వానలకు ముందు, మే ఆఖరున ఒకసారి కొలవాలి. వానలు తగ్గాక నవంబరులో ఒకసారి. ఎంత పెరిగిందో చూసి, దాన్ని స్పెసిఫిక్ యీల్డ్‌తో గుణించి, విస్తీర్ణంతో గుణిస్తే నిల్వలో పెరిగిన నీరు. ఆ నెలల్లో మోటార్లు తోడింది దానికి కలపాలి.

నాగావళి_తమ్ముడు
స్పెసిఫిక్ యీల్డ్ అంటే ఏమిటన్నా? నూతిలో 4 మీటర్లు పెరిగితే నీళ్లు 4 మీటర్లు పెరిగినట్టే కదా?

కెమిస్ట్రీ_మేడమ్
నేను చెప్తాను, ఏటా పిల్లలకు చెప్పేదే. నూతి గొయ్యి వరకైతే 4 మీటర్ల నీరే. కానీ గొయ్యి చుట్టూ ఉన్నది మట్టి, రాయి. అందులో నీరు ఉండేది సందుల్లోనే. ఆ సందుల్లో కూడా కొంత నీరు మట్టికి అంటుకుని ఉండిపోతుంది, కిందికి కారదు. తనంతట తాను కారి నూతిలోకి వచ్చే భాగం ఎంతో, అదే స్పెసిఫిక్ యీల్డ్. తెల్లసుద్ద లాంటి దాంట్లో నూటికి ఒకటిన్నర. చూడటానికి 4 మీటర్లే గానీ లోపల కొత్తగా చేరిన నీరు 60 మి.మీ. మాత్రమే.

రాతి_పొర
మేడమ్ చక్కగా చెప్పారు. గొడవంతా అక్కడే. బంకమట్టి తక్కువ ఉన్న శిథిల రాయికి పట్టికలో 3 శాతం, ఎక్కువ ఉన్నదానికి 1.5. అదే 4 మీటర్లకు ఒక లెక్కలో 120 మి.మీ., ఇంకో లెక్కలో 60. రెండింతల తేడా. కన్సల్టెంటు ఎవరైనా నీటిమట్టం గ్రాఫులు రంగురంగులుగా వేసి, స్పెసిఫిక్ యీల్డ్ ఎక్కడిదో చెప్పకపోతే ఆ రిపోర్టును అక్కడే ఆపి అడగాలి.

లావేరు_బోరు
మరి మన ఊరికి 3 వేయాలో 1.5 వేయాలో ఎవరు చెప్తారు? ఒకే చేనులో ఈ మూల సుద్ద, ఆ మూల చట్టు వస్తుంది. నేను వేసిన బోర్లలోనే పక్కపక్కన ఒకటి నిండుగా, ఒకటి దుమ్ముగా.

రాతి_పొర
ఎండాకాలం చెప్తుంది. జనవరి నుంచి మే దాకా మన వైపు నూతిని నింపేంత వాన మామూలుగా ఉండదు. ఆ కాలంలో నూతి మట్టం దిగేది తోడకం వల్లే, కొంత గెడ్డలోకి ఊటగా పోవడం వల్ల. తోడింది ఎంతో లెక్క ఉంటే, మట్టం ఎంత దిగిందో తెలిస్తే, స్పెసిఫిక్ యీల్డ్ అదే బయటపడుతుంది. గట్టిరాతి ప్రాంతాలకు జీఈసీ కూడా ఈ దారి చూపిస్తుంది. పట్టికలోంచి అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

లెక్కల_మాస్టారు
ఉదాహరణకు 300 హెక్టార్లలో జనవరి నుంచి మే దాకా నికరంగా 2 లక్షల ఘనపు మీటర్లు తోడారు, సగటున మట్టం 3 మీటర్లు దిగింది అనుకుందాం. 300 హెక్టార్లు ఇంటూ 3 మీటర్లు అంటే 90 లక్షలు. 2 ని 90 తో భాగిస్తే 2.2 శాతం. ఇప్పుడు వానాకాలంలో 4 మీటర్లు పెరిగితే 89 మి.మీ. అంటే 2.67 లక్షలు. ఖరీఫ్‌లో తోడింది 30 వేలు కలిపితే 2.97. శాతం పద్ధతిలో వచ్చింది 2.64. పన్నెండు శాతం తేడా.

రాతి_పొర
తేడా 20 శాతం లోపు ఉంటే నూతి లెక్కనే తీసుకోమంటారు. అంతకంటే ఎక్కువ తేడా వస్తే శాతం లెక్కను 1.2 తోనో 0.8 తోనో గుణించి అక్కడితో ఆగుతారు. అదే రెండు పద్ధతులూ కలిపి వాడే తీరు.

ఒక జాగ్రత్త. మట్టం సుద్ద పొరలో ఉన్నంతసేపు ఒక తీరులో దిగుతుంది. బండ పగుళ్లలోకి జారాక గబగబా పడిపోతుంది, ఎందుకంటే అక్కడ ఖాళీ చాలా తక్కువ. గరువు_రైతు ఏప్రిల్‌లో అడుగు కనిపిస్తుందన్నది అదే అయి ఉండాలి. ఆ దశలో తీసిన కొలతను పై పొర లెక్కలో కలపకూడదు.

ఉద్దానం_కొబ్బరి
తోడింది ఎలా లెక్క కడతారు బావా? ఉచిత కరెంటు, మీటరు రీడింగు ఎవరు చూస్తారు?

లావేరు_బోరు
200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్. మోటారు వేసిన వెంటనే కొలవకండి, మొదట్లో ఉరుకుతుంది. అరగంట ఆడాక పైపు డ్రమ్ములో పెట్టాలి. 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18 ఘనపు మీటర్లు. మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి మళ్లీ కొలవండి, మేలో అదే డ్రమ్ముకు రెట్టింపు టైము పడుతుంది చాలా బోర్లకు. గంటలు రైతునే అడగాలి. కరెంటు తొమ్మిది గంటలు ఇచ్చినా అన్ని గంటలూ నీరు రాదు, మధ్యలో ఆపి ఊరనిస్తారు.

కెమిస్ట్రీ_మేడమ్
నూతులు, మోటార్లు ఏవీ లేకుండా ఇంకో దారి ఉంది, క్లోరైడు. వానలో సముద్రం నుంచి వచ్చే ఉప్పు కొద్దిగా ఉంటుంది. నీరు ఆవిరైపోతుంది గానీ క్లోరైడు ఆవిరి కాదు, మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. కాబట్టి వాన నీటిలో క్లోరైడును భూగర్భ నీటి క్లోరైడుతో భాగించి వర్షపాతంతో గుణిస్తే ఇంకిన నీరు వస్తుంది. వానలో లీటరుకు 4 మి.గ్రా., నూతిలో 60 ఉంటే, 1100 మి.మీ. వానకు 73 మి.మీ. ఎరిక్సన్, ఖునాకసెం 1969లో దీన్ని భూగర్భ జలాలకు వాడి చూపించారు. పొడి ప్రాంతాల్లో దీనికే ఎక్కువ పేరు.

నూతి నీటి క్లోరైడు ఇంటర్ ల్యాబులో కూడా చేయొచ్చు. పొటాషియం క్రోమేటు రెండు చుక్కలు వేస్తే నీరు నిమ్మపండు రంగులోకి వస్తుంది. బ్యూరెట్‌లోంచి సిల్వర్ నైట్రేటు వదులుతూ ఉంటే తెల్లటి తెట్టు కడుతుంది, అది అయిపోగానే ఒక్క చుక్కకు ఇటుక రంగు తిరిగి నిలబడిపోతుంది. అక్కడ ఆపాలి. మా పిల్లలకు ఇష్టమైన ప్రయోగం. వాన నీటిలో 4 మి.గ్రా. మాత్రం ఈ పద్ధతికి అందదు, అయాన్ క్రొమటోగ్రాఫు ఉన్న ల్యాబుకు పంపాలి.

రాతి_పొర
మేడమ్, పద్ధతి మంచిదే గానీ గరువు_రైతు ఊళ్లో నాకు భయం. మొక్కజొన్నకు వేసే పొటాష్ అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్, బరువులో సగానికి దగ్గరగా క్లోరైడే. బస్తాలకు బస్తాలు వేస్తున్నారు. ఇళ్ల మరుగుదొడ్ల గోతులు ఉన్నాయి. నూతిలో క్లోరైడు వాన వల్లే వచ్చిందని ఎలా అంటాం?

కెమిస్ట్రీ_మేడమ్
అనలేం, అందుకే నూతిని ఎంచుకోవాలి. కొండ పాదం దగ్గర, జీడితోట కింద, ఎరువు పడని చోట ఉన్న నుయ్యి అయితే పనికొస్తుంది. చేల మధ్య నూతిలో క్లోరైడు ఎక్కువ కనిపిస్తే లెక్కలో రీచార్జి, అంటే ఇంకే నీరు, తక్కువ వస్తుంది. అప్పుడు ఆ అంకెను కింది హద్దుగా పెట్టుకోవచ్చు. వాన కూడా ఒక్క రోజుది చాలదు, తొలకరిలో ఉప్పు ఎక్కువ, ముసురులో తక్కువ. ఏడాది పొడవునా పట్టాలి.

జోధ్‌పూర్_సిక్కోలు
మాది పాలకొండ వైపు, ఉద్యోగం రాజస్థాన్‌లో. ఇక్కడ ఏడాది వాన 350 మి.మీ. చుట్టుపక్కల. వానలోంచి ఆవిరి, పారుడు తీసేస్తే మిగిలేదే రీచార్జి అని పుస్తకంలో ఉంటుంది. పొడి ప్రాంతంలో ఆ లెక్క నిలబడదు. మీ ఊరికే వేసి చూడండి. వాన 1100, ఆవిరి 850, పారుడు 170, మిగిలింది 80. ఆవిరి లెక్కలో అయిదు శాతం తప్పు పడితే 42 మి.మీ., మిగిలినదాంట్లో సగం పోయింది. ఆవిరిని అయిదు శాతం కచ్చితంగా చెప్పగలవాళ్లు ఎవరున్నారు? ఇక్కడైతే మిగిలేదే కొన్ని మిల్లీమీటర్లు, తప్పు దానికంటే పెద్దది.

భూగర్భ జలాల శాస్త్రవేత్త బ్రిడ్జెట్ స్కాన్లన్ బృందం 2006లో ప్రపంచంలోని పొడి, అర్ధ పొడి ప్రాంతాల లెక్కలన్నీ ఒకచోట చేర్చింది. పెద్ద విస్తీర్ణాల మీద రీచార్జి ఏడాదికి 0.2 నుంచి 35 మి.మీ., వానలో 0.1 నుంచి 5 శాతం మాత్రమే. అలాంటి అంకెలు చూశాక ఎవరైనా 16 అంటే చెవులు నిక్కపొడుస్తాయి.

అనంత_మెట్ట
మా అనంతపురం వాన 550 మి.మీ. దగ్గర. మాకు ఆ అయిదు శాతం మాట బాగా తెలుసు.

రాతి_పొర
జోధ్‌పూర్ తమ్ముడూ, మనది అంత పొడి నేల కాదు. వెయ్యి దాటే వాన ఉంది. కాబట్టి ఆ 5 శాతం హద్దును ఇక్కడికి తెచ్చి అతికించకండి, అదీ 16 లాంటి పొరపాటే అవుతుంది. ఆవిరి గురించి చెప్పింది మాత్రం నూటికి నూరు నిజం. అదీ నెలసరి సగటులతో చేస్తే ఇంకా ఘోరం. నెల సగటులో ఆవిరి వానను మింగేసినట్టు కనిపిస్తుంది, రోజువారీగా చూస్తే మూడు రోజుల ముసురులో నీరు దిగిపోయి ఉంటుంది.

హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు 1970ల నుంచి చేసిన ట్రిటియం ప్రయోగాలు కూడా చూడండి. వానలకు ముందు వేళ్ల కింద మట్టిలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్, నీటికి గుర్తుగా పనికొస్తుంది) కలిపిన నీరు కొద్దిగా ఎక్కిస్తారు. వానలయ్యాక అక్కడే మట్టిని పొరలు పొరలుగా తీసి ఆ గుర్తు ఎంత కిందికి జరిగిందో చూస్తారు. గట్టిరాతి ప్రాంతాల్లో వాళ్లకు వచ్చినవి కూడా చాలా చోట్ల పది శాతం లోపే. మట్టి పగుళ్ల గుండా నేరుగా దిగే నీరు మాత్రం అందులో సరిగ్గా దొరకదు.

నాగావళి_తమ్ముడు
మరి తుపాన్లు? ఒక్క తుపానుకు మా నుయ్యి నిండిపోతుంది. అసలు రీచార్జి అంతా తుపానుదే అని మా నాన్న అంటారు.

జోధ్‌పూర్_సిక్కోలు
మీ నాన్నగారి మాటకు బలం ఉంది. టాంజానియాలో మకుటుపోరా అనే చోట 1950ల నుంచి నీటిమట్టం కొలతలు ఉన్నాయి. అక్కడ చాలా ఏళ్లు దాదాపు ఏమీ చేరదు. 1997-98 ఎల్ నినో లాంటి భారీ వాన సీజన్లు కొన్నే ఆ నిల్వనంతా నింపాయి. పొడి ప్రాంతంలో సగటు వానకు సగటు రీచార్జి అనుకోవడమే తప్పని అది చూపించింది.

ఉద్దానం_కొబ్బరి
తిత్లీ తుపాను చూసినవాణ్ణి నేను. 2018 అక్టోబరు 11. కొబ్బరి చెట్లు పోయాయి, జీడి పోయింది, దాన్ని రీచార్జి అని ఎవరైనా అంటే మాకు మింగుడు పడదు. అయినా నిజం చెప్పాలి, ఇసుకలో నీరు దిగింది. మీ గరువులో మాత్రం అంత జోరు వాన దిగదు, గెడ్డలు పొంగి సముద్రంలో కలుస్తుంది.

లావేరు_బోరు
ఉద్దానం బావతో ఏకీభవిస్తున్నా. మా వైపు నుయ్యి నింపేది స్వాతి, విశాఖ కార్తెల ముసురు. ఎండకు బీటలు వారిన నేల అప్పటికి నిండా తడిసి ఉంటుంది, ఆ మీద మెల్లగా పడితే కిందికి వెళ్తుంది. గంటలో కుమ్మరించిన వాన నుయ్యి గట్టు తెగి లోపల పడినా అది రీచార్జి కాదు.

రాతి_పొర
ఆఖరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. గట్టు లేని నూతిలోకి బయటి నీరు పారితే మట్టం ఒక్కసారి పెరిగి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. దాన్ని కొలత అనుకుంటే లెక్కంతా పాడు.

గరువు_రైతు
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఈరోజు రిపోర్టు మళ్లీ చదివాం. రాయి పేరు ఎక్కడా లేదు. నీటిమట్టం కొలిచిన నుయ్యి ఒక్కటే, అదీ చెరువు కట్ట కింద ఉన్నది. కొలిచిన నెల కూడా నవంబరే, మే కొలత లేదు. గ్రామసభలో పెట్టడానికి మాస్టారు లెక్కను చార్టు మీద రాయిస్తున్నాం. కానీ ఒక సందేహం. 8 శాతం అని మేం చెప్తే, అదీ పట్టిక నుంచే కదా, మీ దగ్గర కొలత ఏదీ అని వాళ్లు తిరిగి అడిగితే?

రాతి_పొర
అడుగుతారు, అడగాలి కూడా. అందుకే మా అంకె నిజం, మీది అబద్ధం అని వెళ్లకండి. 5 నుంచి 11 దాకా ఏ అంకె వేసినా ఏమవుతుందో ముందే చూపించండి. 300 హెక్టార్లకు 11 వేసినా 3.63 లక్షలు, తిరిగి వచ్చే 45 వేలు కలిపి పది శాతం తీస్తే 3.67. ప్లాంటుతో కలిపి వాడకం 3.6. అంటే అన్నీ అనుకూలంగా పెట్టుకున్నా 98 శాతం. మిగులు 4 లక్షలు ఎలా చూసినా రాదు. అనుమతి ఇచ్చే ముందు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కొలవమని తీర్మానం చేయండి. కొత్త బోరుకు 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి, ఆ దస్త్రంలో మీ తీర్మానం ఉండాలి.

ఇంకోటి. ఊరి మొత్తం లెక్క బాగున్నా, రోజుకు రెండు లక్షల లీటర్లు ఒకే చోట తోడితే ఆ చుట్టుపక్కల నూతులే ముందు పోతాయి. ఏడాది సగటు వాటిని కాపాడదు. ప్లాంటు స్థలానికి దగ్గర్లో ఉన్న బోర్ల యజమానులను సభకు తప్పకుండా రమ్మనండి.

అనంత_మెట్ట
మా జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని ఒక కార్యక్రమం నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయంతో. రైతులే వాన, బోరు మట్టం, తోడకం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునేవాళ్లు. ఇన్ని నీళ్లు ఉన్నాయి, ఈ పంట ఇన్ని ఎకరాలు అని గోడ మీద రాసేవాళ్లు. ఎవరినీ బలవంతం చేయలేదు, అంకె చూసి వరి తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు. ప్లాంటు వచ్చినా రాకపోయినా మీ 60 బోర్లే 100 శాతం దగ్గర ఉన్నాయి అన్నా. అది కూడా సభలో మాట్లాడండి.

గరువు_రైతు
అది నిజమే. మా వాళ్లకు ఆ మాట చేదుగానే ఉంటుంది, అయినా చెప్తాను. కొలవడం ఎలా మొదలుపెట్టాలి? టేపు వేస్తే నీటిని ఎక్కడ తాకిందో పైనుంచి తెలియడం లేదు.

లావేరు_బోరు
స్టీలు టేపు చివర మీటరు మేర సుద్దముక్క రుద్దండి. నీటిలో కొంచెం మునిగేలా దింపి, పైన అంకె చూసుకుని లాగేయండి. సుద్ద తడిసి రంగు మారిన చోట గీత కనిపిస్తుంది. పై అంకెలోంచి తడిసిన భాగం తీసేస్తే నీటి లోతు. పొద్దున్నే, మోటార్లు వేయకముందు కొలవాలి. బోర్లలో దింపకండి, మోటారు వైరుకు చుట్టుకుంటే టేపు పోతుంది. పాడుబడ్డ బోరు ఉంటే చెప్పండి, మోటారు తీసేసి ఉంటే దింపొచ్చు. మీ వైపు నేను వేసిన బోర్ల వివరాలు పుస్తకంలో ఉన్నాయి, ఎన్ని అడుగులకు సుద్ద, ఎన్నింటికి బండ అని. ఫొటోలు తీసి పంపుతాను.

కెమిస్ట్రీ_మేడమ్
కొండ పాదం నూతి నీళ్లు ఒక లీటరు సీసాలో నింపి పంపండి, క్లోరైడు మా ల్యాబులో చూస్తాను. సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. కూల్‌డ్రింక్ సీసా వద్దు.

గరువు_రైతు
పంపిస్తాను మేడమ్. నూతులు మూడు అనుకుంటున్నాం. కొండ పాదం దగ్గరిది ఒకటి, ఊరి మధ్య పాతది ఒకటి, చెరువు కట్ట కిందిది ఒకటి. సరిపోతాయా?

రాతి_పొర
చెరువు కట్ట కిందిది కొలవండి గానీ సగటులో కలపకండి, దానికి విడిగా ఒక పేజీ పెట్టండి. అది చెరువు ఊటను చెప్తుంది, గరువును చెప్పదు. దాని బదులు తూర్పున, గెడ్డకు దూరంగా, మొక్కజొన్న చేల మధ్య ఇంకో రెండు చూడండి. ప్రతి నూతికి గట్టు మీద ఒకే చోట పెయింటుతో గుర్తు పెట్టి, ఎవరు కొలిచినా అక్కడి నుంచే కొలవాలి. మొదటి కొలత గ్రామసభకు ముందే తీసి తేదీ వేసి ఇక్కడ పెట్టండి.